తేదీ, టైము రెండూ కలిపి ఒకే ఇంటీజర్‌గా (పూర్ణాంకంగా) దాచవచ్చా? తేదీ వరకైతే సరే

నర్సంపేట నుంచి అడిగినవారి ప్రశ్న ఇది. పైథాన్‌లో ఒక పత్తి మిల్లుకు వే బ్రిడ్జి (లారీలు తూచే కాంటా) సాఫ్ట్‌వేర్ రాస్తున్నారు. లారీ లోడుతో ఎక్కిన టైము, ఖాళీ అయ్యి మళ్ళీ కాంటా ఎక్కిన టైము, రెండింటినీ 20250310140509 లాంటి ఒక పెద్ద అంకెగా డేటాబేస్‌లో పెడుతున్నారు. "స్ట్రింగ్‌గా (అక్షరాల వరుసగా) ఫార్మాట్ చేసి ఇంటీజర్‌గా మారుస్తున్నాను, ఇది సరైన పద్ధతేనా? టైము ఒక్కటే తీస్తే ఉదయం 9:05కి 905 వస్తోంది, ముందు సున్నా ఏమైంది? ఒక టైములోంచి ఇంకోటి తీసేస్తే నిమిషాలు ఎందుకు తప్పొస్తున్నాయి?" అని అడిగారు.

మార్చే పద్ధతిలో తప్పేం లేదు. ఫార్మాట్ చేసి ఇంటీజర్‌గా మారిస్తే ఆ అంకె సరిగ్గానే వస్తుంది. తేడా అంతా దాన్ని దేనికి వాడుతున్నారన్న దగ్గర ఉంది. తేదీ ఒక్కటే అయితే ఎనిమిదంకెల ఇంటీజర్ నిశ్చింతగా వాడండి. టైము కూడా కావాలంటే 14 అంకెల సంఖ్య దాచకండి. 1970 జనవరి 1 నుంచి లెక్కపెట్టిన సెకన్లు దాచండి, స్లిప్పు ప్రింటు చేసేటప్పుడు మాత్రమే దాన్ని తేదీ రూపంలోకి తెచ్చుకోండి. డేటాబేస్‌లో తేదీ, టైముల కోసం ఉన్న సొంత టైపు వాడుకునే వీలుంటే అది ఇంకా మంచిది. ఇంటీజరే కావాలని పట్టుబడితే మాత్రం పైన చెప్పినట్టు చేయండి.

నేను ఉండేది హనుమకొండలో. వరంగల్ ఏనుమాముల మార్కెట్‌లో కొన్ని అడ్తి దుకాణాలకు, చుట్టుపక్కల జిన్నింగ్ మిల్లులకు చాలా ఏళ్ళుగా ఇలాంటి సాఫ్ట్‌వేర్లే రాస్తున్నాను. అందుకే ఉదాహరణలన్నీ కాంటాలు, తక్‌పట్టీల (అమ్మకం చీటీల) నుంచే వస్తాయి.

మొదట తీసివేత సంగతి. 20250310140509 అనేది చూడ్డానికి సంఖ్యే గానీ నిజానికి ఒక పేరు. పిన్‌కోడ్ లాంటిదన్నమాట. హనుమకొండ 506001లోంచి కరీంనగర్ 505001 తీసేస్తే 1000 వస్తుంది, అది కిలోమీటర్లూ కాదు, ఇంకేదీ కాదు. మీ లారీ 14:05:09కి కాంటా ఎక్కి, 15:02:00కి ఖాళీగా ఎక్కిందనుకోండి. 14 అంకెల సంఖ్యలు రెండూ తీసివేస్తే 9691 వస్తుంది. అసలు తేడా 56 నిమిషాల 51 సెకన్లు, అంటే 3411 సెకన్లు. గంటకు 60 నిమిషాలే ఉంటాయని ఇంటీజర్‌కు తెలియదు, దానికి 59 తర్వాత 60, 61 అలా 99 దాకా ఉన్నాయి. తేదీల్లోనూ అంతే. 2025 ఫిబ్రవరి 28 తర్వాతి రోజు మార్చి 1. కానీ 20250301లోంచి 20250228 తీస్తే 73. ఒక్క రాత్రి దాటిన లోడుకు 73 రోజుల గోదాం కిరాయి వేస్తే రైతు ఊరుకుంటాడా?

అదే 2025 మార్చి 10 మధ్యాహ్నం మన టైము 14:05:09ని సెకన్లలో చెబితే 1741595709. ఇది 1970 జనవరి 1, యూటీసీ (లోకమంతా ప్రామాణికంగా వాడే టైము) అర్ధరాత్రి నుంచి గడిచిన సెకన్ల లెక్క. దీన్ని కూడవచ్చు, తీసివేయవచ్చు, 60తో భాగిస్తే నిమిషాలు వస్తాయి. చూడగానే తేదీ అర్థం కాదనేది ఒక్కటే ఇబ్బంది. ఆ ఇబ్బంది మనకే తప్ప మిషన్‌కు లేదు.

అలాగని ఎనిమిదంకెల తేదీని తీసిపారేయకండి. పోల్చడానికి, వరుసలో పెట్టడానికి అది బ్రహ్మాండంగా పనిచేస్తుంది, ఎందుకంటే పెద్ద భాగం ముందు, చిన్న భాగం వెనక ఉంది. 20140602 కన్నా 20250310 పెద్దదే, తేదీగానూ తర్వాతిదే. ఈ నెల మొదటి తారీఖు నుంచి పదో తారీఖు వరకు స్లిప్పులు ఇవ్వమంటే రెండు ఇంటీజర్ల మధ్య వెతికితే చాలు. పెద్ద డేటా వేర్‌హౌస్‌లలో తేదీ కీ ఇలాగే పెట్టుకోవడం మామూలే. బ్యాకప్ ఫైళ్ళ పేర్లకూ ఇదే పెట్టండి. రోజు ముందు, సంవత్సరం చివర రాసే మన అలవాటు కాగితం మీద బాగుంటుంది గానీ ఫైళ్ళ వరుసలో 01తో మొదలయ్యేవన్నీ, ఏ నెలవైనా సరే, ఒక్కచోట చేరి కూర్చుంటాయి.

తీసివేత పనికిరాదన్నాను కదా, దానికి ఒక మినహాయింపు ఉంది: వయసు. ఇవాళ్టి తేదీలోంచి పుట్టిన తేదీ తీసేసి, 10000తో భాగించి, శేషం వదిలేస్తే నిండిన ఏళ్ళు కచ్చితంగా వస్తాయి. 20250310లోంచి 19680701 తీస్తే 569609. పదివేలతో భాగిస్తే 56. ఆ మనిషికి ఆ రోజుకు 56 ఏళ్ళు నిండాయి, జూలై వస్తే 57. పుట్టినరోజు ఇంకా రాకపోతే కింది నాలుగంకెలు పైనుంచి అప్పు తెచ్చుకుంటాయి, అందుకే సంవత్సరం ఒకటి తగ్గుతుంది. రైతుబీమా లాంటి వాటికి 18 నుంచి 59 ఏళ్ళ లోపు ఉన్నారా అని చూడాల్సి వచ్చినప్పుడు నేను వాడేది ఇదే. ఫిబ్రవరి 29 ఎలాగని బుర్ర బద్దలు కొట్టుకోవాల్సిన పని కూడా ఉండదు.

ఇక సున్నా సంగతి. 905 తప్పు కాదు. ఇంటీజర్‌కు ముందు సున్నా అనేదే ఉండదు. రాత్రి 12:05 అయితే ఉత్త 5 వస్తుంది, అదీ సరైనదే. చూపించేటప్పుడు నాలుగంకెల వెడల్పుకు ముందు సున్నాలు నింపండి, సమస్య తీరిపోయింది. అసలు ప్రమాదం ఇంకో వైపు ఉంది. ప్రోగ్రాంలో మీరే చేత్తో 0905 అని రాస్తే పైథాన్ 3 సింటాక్స్ ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది, అది నయం. జావా, సీ భాషల్లో ముందు సున్నా ఉంటే ఆక్టల్ (పదులతో కాక ఎనిమిదులతో లెక్కించే అంకె) అని అర్థం. ఉదయం 7:10 అనుకుని 0710 రాస్తే లోపల 456 పడుతుంది. ఎర్రర్ ఏమీ రాదు, టైము మాత్రం తప్పు.

స్ట్రింగ్ దారి నచ్చకపోతే లెక్కతో కూడా చేయవచ్చు:

సంవత్సరం × 10000 + నెల × 100 + రోజు

వెనక్కి రావాలంటే 10000తో భాగిస్తే సంవత్సరం, శేషాన్ని 100తో భాగిస్తే నెల, మిగిలింది రోజు. ఈ లెక్కలో సున్నాలు వాటంతట అవే సరిగ్గా పడతాయి. కొత్తగా నేర్చుకునేవాళ్ళు సంవత్సరం, నెల, రోజులను విడివిడి స్ట్రింగులుగా తీసి అతికిస్తుంటారు. అప్పుడు జనవరి 11 కూడా 2025111, నవంబర్ 1 కూడా 2025111. ఏది ఏదో తర్వాత దేవుడు కూడా చెప్పలేడు. అయితే ఈ సూత్రాన్ని వేరే భాషలోకి తీసుకెళ్ళేటప్పుడు ఒకటి చూసుకోండి: జావాస్క్రిప్ట్‌లో డేట్ ఆబ్జెక్టు ఇచ్చే నెల సున్నా నుంచి మొదలవుతుంది, మార్చికి 2 వస్తుంది. సీ భాషలో నెలతో పాటు సంవత్సరం కూడా 1900 నుంచి లెక్క, 2025కి 125 వస్తుంది. సవరించకుండా సూత్రంలో వేస్తే మార్చి 10కి 1250210 అని ఒక వింత అంకె తేలుతుంది.

ఫార్మాట్ అక్షరాల్లో చిన్నబడి (స్మాల్ లెటర్), పెద్దబడి (క్యాపిటల్ లెటర్) తేడా గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే నా దగ్గరికి వచ్చే పాత ప్రోగ్రాముల్లో ఎక్కువ గోల ఇక్కడే. పైథాన్‌లో పర్సెంట్ గుర్తు తర్వాత చిన్న ఎమ్ అంటే నెల, పెద్ద ఎమ్ అంటే నిమిషం. జావాలో సరిగ్గా తిరగేసి ఉంటుంది: పెద్ద ఎమ్ నెల, చిన్న ఎమ్ నిమిషం. పోస్ట్‌గ్రెస్, ఒరాకిల్ డేటాబేస్‌లలో నిమిషానికి ఎమ్ఐ రాయాలి, ఎమ్ఎమ్ రాస్తే నిమిషం చోట నెల వస్తుంది. ఒక భాష నుంచి ఇంకో భాషకు అలవాటుగా రాసుకుపోతే, నిమిషం 03 ఉన్నప్పుడు మార్చి లాగే కనబడుతుంది, 47 అయినప్పుడు గానీ బయటపడదు. పైథాన్‌లో పెద్ద హెచ్ బదులు పెద్ద ఐ రాస్తే 12 గంటల గడియారం వస్తుంది, తెల్లవారుజాము 2కీ మధ్యాహ్నం 2కీ ఒకటే అంకె. జావాలో చిన్న వై బదులు పెద్ద వై రాస్తే వారాన్ని బట్టి లెక్కించే సంవత్సరం వస్తుంది. ఏడాదంతా బాగానే ఉండి 2024 డిసెంబర్ 30కి మాత్రం 20251230 అని ఇస్తుంది. ఇది డిసెంబర్ ఆఖరి వారంలో తప్ప దొరకని దొంగ.

ఇప్పుడు సైజు, అంటే అంకెకు కంప్యూటర్ ఇచ్చే చోటు; దాన్ని బిట్లలో కొలుస్తారు. 32 బిట్ల ఇంటీజర్‌లో పట్టే పెద్ద అంకె 2147483647. ఎనిమిదంకెల తేదీ అందులో హాయిగా పడుతుంది. 14 అంకెలది పట్టదు, 64 బిట్లది కావాలి. పైథాన్‌లో ఇంటీజర్‌కు హద్దు లేదు కాబట్టి మీకు ప్రోగ్రాంలో ఏమీ తెలియదు, డేటాబేస్ కాలమ్ దగ్గర తెలుస్తుంది. మై ఎస్‌క్యూఎల్‌లో స్ట్రిక్ట్ మోడ్ (పట్టని విలువను ఒప్పుకోని సెట్టింగ్) ఉంటే ఎర్రర్ ఇస్తుంది. లేకపోతే చడీచప్పుడు లేకుండా 2147483647 అని కత్తిరించి పెట్టేస్తుంది. మీ టేబుల్‌లో స్లిప్పులన్నింటికీ ఆ ఒకే అంకె కనిపిస్తే కారణం వెతకక్కర్లేదు, ఇదే.

పది అంకెలైతే పడుతుంది కదా అని సంవత్సరంలో రెండంకెలే తీసుకుని, నెల, రోజు, గంట, నిమిషం కలిపేవాళ్ళున్నారు. అది ఇంకా మోసం. 2021 డిసెంబర్ 31 రాత్రి 23:59కి 2112312359, హద్దు లోపలే. నిమిషం గడిచి 2022 మొదలవగానే 2201010000, హద్దు దాటిపోయింది. సరిగ్గా ఇలాంటిదే మైక్రోసాఫ్ట్ ఎక్స్ఛేంజ్ సర్వర్‌లో జరిగింది. మాల్వేర్ స్కానర్ వెర్షన్ నంబరు 2201010001 అయ్యేసరికి 32 బిట్లలో పట్టక, 2022 జనవరి 1న లోకమంతా మెయిళ్ళు క్యూలో నిలిచిపోయాయి. అంత పెద్ద కంపెనీకే తప్పలేదు.

సెకన్ల లెక్కకూ ఇదే హద్దు ఉంది. 32 బిట్లలో దాస్తే 2038 జనవరి 19న, మన టైము ప్రకారం ఉదయం 8:44:07 తర్వాత నిండిపోతుంది. దూరం అనుకోకండి. నేను చూసే మిల్లుల్లో ఒకసారి పెట్టిన సాఫ్ట్‌వేర్ కంప్యూటర్ కాలిపోతే తప్ప మార్చరు. మొదటి రోజే కాలమ్‌ను 64 బిట్లకు పెట్టండి.

జావాస్క్రిప్ట్‌తో స్క్రీన్ చేస్తున్నట్టయితే ఇంకో హద్దు: అక్కడ కచ్చితంగా నిలిచే ఇంటీజర్ 9007199254740991 వరకే, అంటే 16 అంకెలు. మిల్లీసెకన్లు కూడా అతికించి 17 అంకెలు చేస్తే చివరి అంకె దానిష్టం వచ్చినట్టు మారుతుంది. ఎక్సెల్ ఇంకా ముందే చేతులెత్తేస్తుంది, దానికి 15 అంకెలే, ఆ తర్వాతివి సున్నాలు అయిపోతాయి. మిల్లు అకౌంటెంట్ మీ ఫైలును ఎక్సెల్‌లో తెరిచి, సేవ్ చేసి, తిరిగి పంపిస్తే ఇక అంతే. ఎక్సెల్‌కు తేదీల కోసం సొంత లెక్క ఒకటుంది: 2025 మార్చి 10 దానికి 45726. అందులోంచి 25569 తీసేస్తే 1970 నుంచి రోజులు వస్తాయి, 86400తో గుణిస్తే సెకన్లు. అకౌంటెంట్ల దగ్గర నుంచి తేదీ బదులు 45 వేల చిల్లర అంకె వస్తే కంగారుపడకండి, అదీ తేదీయే.

సెకన్లా, మిల్లీసెకన్లా అన్నది అంకెలు లెక్కపెట్టి పట్టుకోవచ్చు. ఈ కాలపు తేదీలకు సెకన్లయితే పది అంకెలు, మిల్లీసెకన్లయితే పదమూడు. పైథాన్ సెకన్లు ఇస్తుంది, జావాస్క్రిప్ట్ మిల్లీసెకన్లు ఇస్తుంది. ఇటు దాన్ని అటు అలాగే ఇచ్చేస్తే లారీ 1970 జనవరి 21న వచ్చినట్టు స్క్రీన్ మీద పడుతుంది. తేదీ 01-01-1970 ఉదయం 5:30 అని పడిందంటే మాత్రం అసలు తేదీ లేనే లేదని అర్థం, ఖాళీ గడి సున్నాగా మారింది. మన దేశంలో ప్రోగ్రాం రాసేవాళ్ళందరికీ ఈ 5:30 పాత చుట్టమే.

ఆ అయిదున్నర గంటల దగ్గరే అసలు టెన్షన్ అంతా. సెకన్ల లెక్క యూటీసీ మీద నడుస్తుంది, మన గడియారం దానికి 19800 సెకన్లు ముందుంటుంది. రోజువారీ లెక్క కోసం సెకన్లను 86400తో భాగించి గుంపులు చేస్తే, ఆ రోజు అర్ధరాత్రి మొదలవదు, తెల్లవారి 5:30కి మొదలవుతుంది. మార్కెట్‌కు సరుకు రాత్రిళ్ళే వస్తుంది. మిర్చి సీజన్‌లో బస్తాలు అర్ధరాత్రి నుంచే దిగుతుంటాయి. ఒక దుకాణంలో వేరేవాళ్ళు రాసిన రిపోర్టులో ఇవన్నీ ముందు రోజు ఖాతాలో పడుతున్నాయి. సేటు నన్ను పిలిచి "పొద్దుగాల మూడింటికి దిగిన మాలు నిన్నటి లెక్కల ఎట్ల పడ్డది?" అని అడిగాడు. భాగించే ముందు 19800 కలపమని చెప్పాను, లెక్క కుదిరింది. మనకు డేలైట్ సేవింగ్ (ఏడాదిలో కొన్ని నెలలు గడియారం గంట ముందుకు జరపడం) గొడవ లేదు కాబట్టి ఈ చిట్కా చెల్లుతుంది. డల్లాస్‌లో ఉన్న మీ ఫ్రెండు వాడే యాప్‌కైతే చెల్లదు. 2025 నవంబర్ 2 తెల్లవారి ఒంటి గంట నుంచి రెండు దాకా అక్కడ గడియారం రెండుసార్లు తిరుగుతుంది. 20251102013000 అనే అంకె రెండు వేర్వేరు క్షణాలకు వస్తుంది. 14 అంకెల సంఖ్య మీద నాకున్న పెద్ద అభ్యంతరం ఇదే: అది ఏ ఊరి గడియారమో దానిలో ఎక్కడా రాసి ఉండదు.

పైథాన్‌లో టైమ్ జోన్ చెప్పకుండా ఇప్పటి టైము అడిగితే ఆ కంప్యూటర్ గడియారం చూసి ఇస్తుంది. మిల్లులోని కంప్యూటర్‌లో సరిగ్గా నడిచిన ప్రోగ్రాం క్లౌడ్ సర్వర్‌కు ఎక్కించగానే స్లిప్పు మీద 14:05 బదులు 8:35 పడటానికి కారణం ఇదే, అక్కడి సర్వర్లు మామూలుగా యూటీసీలో ఉంటాయి. యూటీసీ నౌ అనే పాత ఫంక్షన్ జోలికి పోకండి. అది యూటీసీ టైము ఇస్తుంది గానీ యూటీసీ అని ముద్ర వేయదు, దాన్ని సెకన్లుగా మార్చమంటే పైథాన్ మళ్ళీ లోకల్ టైమే అనుకుని అయిదున్నర గంటలు తక్కువ చేస్తుంది. పైథాన్ 3.12 నుంచి దాన్ని వాడొద్దనే చెబుతున్నారు. టైమ్ జోన్ ఇచ్చి ఇప్పటి టైము తీసుకోండి, టైమ్‌స్టాంప్ (1970 నుంచి సెకన్ల లెక్క) అడగండి, ఇంటీజర్ చేయండి. 3.9 నుంచి జోన్ఇన్ఫో లైబ్రరీలో ఏషియా కోల్‌కతా అని పెడితే చాలు. విండోస్‌లో దానికి టీజెడ్‌డేటా ప్యాకేజీ వేరుగా ఎక్కించాలి, లేకపోతే ఆ పేరు దొరకలేదంటుంది.

పుట్టిన తేదీలు మాత్రం సెకన్లలో దాచకండి. 1970కి ముందు పుట్టినవాళ్ళకు మైనస్ అంకె వస్తుంది. కాలమ్ అన్‌సైన్డ్ (మైనస్ అంకెలు తీసుకోనిది) అయితే అది ఎక్కదు. విండోస్‌లో పైథాన్ చాలా వెర్షన్లు మైనస్ టైమ్‌స్టాంప్‌ను తేదీగా మార్చమంటే ఎర్రర్ కొడతాయి. మన రైతుల్లో సగం మంది 1970 ముందువాళ్ళే అనుకుని ప్లాన్ చేసుకోండి. పుట్టిన తేదీకి గడియారంతో పనిలేదు, ఎనిమిదంకెలే దానికి సరి.

ఇంకొకటి, మీరు అడగలేదు గానీ మీ ప్రశ్న తీరు చూస్తే అనుమానం వచ్చింది. ఈ టైము అంకెనే స్లిప్పు నంబరుగా, ప్రైమరీ కీగా (ప్రతి వరుసను విడిగా గుర్తుపట్టే నంబరుగా) వాడాలనుకుంటున్నట్టున్నారు. వద్దు. రెండు కాంటాలున్న మిల్లులో ఒకే సెకనులో రెండు స్లిప్పులు పడతాయి. పైగా కాంటా గదుల్లోని పాత కంప్యూటర్లలో గడియారాన్ని నడిపే సీమాస్ బ్యాటరీ చచ్చిపోయి ఉంటుంది. కరెంటు పోయి వచ్చిందంటే గడియారం ఎన్నో ఏళ్ళు వెనక్కి పోతుంది. స్లిప్పు నంబరు ఒకటి, రెండు, మూడు అని డేటాబేస్‌నే ఇవ్వనివ్వండి. టైము పక్కన వేరే కాలమ్‌లో ఉంటుంది. కొత్త స్లిప్పు టైము ముందు స్లిప్పు టైము కన్నా తక్కువ వస్తే సేవ్ చేయకుండా, గడియారం చూసుకోమని ఆపరేటర్‌కు మెసేజ్ ఇవ్వండి. ఈ చిన్న చెక్ చాలా గొడవలు ఆపుతుంది.

ఇప్పటికే 14 అంకెలతో డేటా పేరుకుపోయి ఉంటే పాత కాలమ్ తీసేయకుండా పక్కన 64 బిట్ల కొత్త కాలమ్ చేర్చండి. ప్రతి అంకెనూ స్ట్రింగ్ చేసి, 14 అక్షరాలు లేనివాటిని ముందే పక్కకు తీయండి, అతికింపులో సున్నాలు పోయినవి అక్కడ దొరుకుతాయి. మిగతావాటిని తేదీగా చదివించి, మన టైమ్ జోన్ తగిలించి, సెకన్లుగా మార్చి రాయండి. మొత్తం స్లిప్పులు ఎన్ని, అన్నింటికన్నా పాతది ఏది, కొత్తది ఏది అని రెండు కాలమ్‌ల మీదా అడిగి సరిపోల్చండి. రాత్రి పన్నెండు నుంచి అయిదున్నర మధ్య పడ్డ స్లిప్పులు కొన్ని ఏరి కాగితంతో కలిపి చూడండి, తప్పుంటే అక్కడే కనిపిస్తుంది. ఒక పత్తి సీజన్ గడిచేదాకా పాత కాలమ్ అలాగే ఉండనివ్వండి. కాలమ్ ఏ టైపులో ఉందో, ఏ డేటాబేసో కింద రాస్తే మార్చే క్వెరీ కూడా పెడతాను.